మైకు పలకని తెల్లవారుజాము

మత్స్యమై నీళ్ళలో తిరిగినవాడికి, కూర్మమై కొండను వీపున మోసినవాడికి, రోజూ పొద్దున్నే అరసవల్లిలో మా ఇంటి తూర్పు కిటికీలోంచి వెలుగై లోపలికి వచ్చేవాడికి ముందుగా నమస్కారం. నారాయణుడు రాయిస్తే ఈ మాటలు సరిగ్గా వస్తాయి. ఎక్కడైనా తప్పితే ఆ తప్పు నాదే.

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు కూడా నమ్మను.

మాది గుడి సేవ చేసుకునే కుటుంబం. పాడేవాళ్ళు, పారాయణ చేసేవాళ్ళు. నేను చిన్నప్పటి నుంచి శనివారం గోష్ఠిలో కూర్చుని పెరిగాను. ప్రేతాల మాట పురాణాల్లో ఉందని నాకు తెలుసు. కానీ మాకు పాఠం చెప్పిన పెద్దలు, జీవుడు ఎటు పోవాలో కర్మ చూసుకుంటుందని, దారి మధ్యలో ఆగి మనుషులను బెదిరించే తీరిక ఎవరికీ ఉండదని అనేవారు. నాకు ఆ మాట సరిపోయింది.

పైగా నా ఉద్యోగం కంప్యూటర్లతో. రాజాంలో ఒక కాలేజీలో ల్యాబు చూసుకుంటాను. యంత్రం ఏదైనా చేసినా, చేయకపోయినా దానికి ఒక కారణం ఉంటుంది. కారణం దొరకలేదంటే సరిగ్గా వెతకలేదని అర్థం. ఇన్నేళ్ళలో నేను కారణం కనుక్కోలేకపోయింది ఒక్కటే ఉంది. అదే ఇప్పుడు రాస్తున్నాను.

మా మావయ్య, అంటే మా అమ్మకు అన్నగారు, సముద్రపు ఒడ్డున ఒక చేపలవాళ్ళ ఊళ్ళో రామమందిరంలో ఏళ్ళ తరబడి మేలుకొలుపు పాడారు. ఊరి పేరు రాయడం లేదు. అక్కడివాళ్ళు వద్దన్నారు. తెల్లవారుజామున మందిరం మీది మైకులో ఆయన గొంతు వినిపించాకే ఊళ్ళో పడవలు నీళ్ళలోకి దిగేవి. ఎవరో కూర్చుని పెట్టిన నియమం కాదది. అలా అలవాటైపోయింది. పాట మొదలవుతుంటే వలలు భుజానికెత్తుకునేవారు, పాట అయ్యేసరికి పడవను నీళ్ళలోకి నెట్టేవారు.

ఆ ఊళ్ళో ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా చనిపోతే శవం లేచేదాకా మందిరంలో మైకు పలకదు. ఆ పూట ఒక్క పడవ కూడా కదలదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చీకటితో లేచి పొయ్యి ముట్టించుకుంటూ మైకు కోసం చెవి పడేసి ఉంచుతారు. వినపడకపోతే, ఎవరింట్లో ఏడుపు మొదలవుతుందా అని వాకిట్లోకి వస్తారు. ఆ ఊరికి చావు కబురు చెప్పేది మైకు మౌనమే.

మావయ్యకు వయసు పైబడ్డాక, చలికి గొంతు పట్టేస్తోందని, ఆయన పాటను రికార్డు చేద్దామని ఊళ్ళోవాళ్ళు అన్నారు. మందిరంలోనే, మధ్యాహ్నం పూట, ఫ్యాన్లు ఆపించి రికార్డు చేశాను. మధ్యలో ఎక్కడో ఒక కాకి అరుస్తుంది. మూడో చరణానికి ముందు మావయ్య చిన్నగా గొంతు సవరించుకుంటారు. ఆ రెండూ తీసేస్తానంటే ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోలేదు. కాకిని కూడా ఉండనీమన్నారు.

ఒక పాత కంప్యూటర్ తీసుకెళ్ళి మందిరంలో పెట్టాను. అందులో లినక్స్ అనే సిస్టం వేసి, రోజూ వేళకు ఆ పాటను ఆంప్లిఫయరుకు పంపేలా ఒక చిన్న ప్రోగ్రాము రాశాను. ఇలా తెర వెనక తన పని తాను చేసుకుపోయే ప్రోగ్రామును సర్వీసు అంటారు.

దీనిలో ఒక చిక్కు ఉంది. మందిరం చూసుకునేది తాతారావు. వరండాలోనే పడుకుంటాడు. కంప్యూటర్ గురించి అతనికి తెలిసినది ప్లగ్గు పెట్టడం, ప్లగ్గు పీకడం. ఊళ్ళో ఎవరైనా పోతే పీకేస్తాడు. కార్యక్రమం అయ్యాక మళ్ళీ పెడతాడు. అది కాక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. కాబట్టి యంత్రం పడి లేచిన ప్రతిసారీ ఆ సర్వీసు ఎవరూ లేపకుండానే లేవాలి.

అలా లేవమని ముందే చెప్పి ఉంచవచ్చు. చెప్పి ఉంచామో లేదో యంత్రాన్ని అడగవచ్చు కూడా. ఒక్క వరుసలో ప్రశ్న టైపు చేస్తే ‘ఎనేబుల్డ్’ అనో ‘డిసేబుల్డ్’ అనో జవాబు వస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఎనేబుల్డ్ అంటే లేవమని చెప్పి ఉంచారని మాత్రమే. లేచిందని కాదు. లేచిందా అన్నది ఇంకో ప్రశ్న, దాన్ని విడిగా అడగాలి. మా ల్యాబులో పిల్లలకు కూడా ఇదే చెబుతాను. ఆ ఊరు వెళ్ళినప్పుడల్లా నేను రెండు ప్రశ్నలూ అడిగేవాణ్ణి. తర్వాత తాతారావు చేత ప్లగ్గు పీకించి, పెట్టించి, సర్వీసు లేచిందని చూసుకుని గానీ బస్సెక్కేవాణ్ణి కాదు.

రాష్ట్రం రెండయ్యాక కొన్నాళ్ళకు మావయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది గానీ తిరిగి చెప్పడానికి మాట రాదు. ‘ఊఁ’ అన్నది ఒక్కటే మిగిలింది. పెళ్ళి చేసుకోని మనిషి, మా ఇంటికి తీసుకొచ్చేశాం. అక్కడ ఊళ్ళో ఆయన పాట రోజూ వస్తూనే ఉంది.

ఆ ఊరి నుంచి నూకరత్నం అనే ఆవిడ శ్రీకాకుళం బజారుకు చేపలు తెచ్చేది. గంప ఖాళీ అయ్యాక, కాళ్ళూ చేతులూ కడుక్కుని, మా వాకిట్లోకి వచ్చి మావయ్యను చూసి వెళ్ళేది. గడప దాటి లోపలికి రమ్మన్నా వచ్చేది కాదు, నీచు వాసన అని. ఆవిడ భర్త ఎర్రయ్య, ఇద్దరు కొడుకులు ఒకే పడవ మీద వేటకు వెళతారు. మైకు పలకగానే ఊళ్ళో అందరికంటే ముందు నీళ్ళలో పడేది వాళ్ళ పడవే. ఒకసారి మావయ్యతో అంది. “అయ్యగోరూ, మీరేటో ఇక్కడ కూకున్నారు. మీ గొంతు మాత్రం మా ఊర్లోనే ఉన్నాది. నా మొగుణ్ణి రోజూ అదే లేపతన్నాది.” మావయ్య నవ్వి ఊఁ అన్నారు.

ఇక ఆ రోజు సంగతి.

ఫాల్గుణ మాసం చివర. ముందు రోజు సాయంత్రం ఆ ఊళ్ళో కరెంటు పోయిందని, బాగా పొద్దుపోయాక వచ్చిందని తర్వాత తెలిసింది. అంటే మందిరంలో కంప్యూటర్ ఆగి మళ్ళీ లేచింది. అప్పటికి ఎన్నోసార్లు అలా లేచింది.

మా ఇంట్లో నేను స్నానం చేసి వస్తున్నాను. వంటింట్లో మా ఆవిడ శారద కాఫీకి నీళ్ళు పెట్టింది. మేలుకొలుపు వినిపించింది. శారద ఫోనులో రికార్డు పెట్టుకుందని నేను అనుకున్నాను. నేను పెట్టానని ఆమె అనుకుంది. ఇద్దరం మావయ్య గది గుమ్మం దగ్గర ఎదురుపడ్డాం.

మావయ్య మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. ఎడమ చేత్తో తొడ మీద తాళం వేస్తూ పాడుతున్నారు. మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఎక్కడా తడబాటు లేదు. మూడో చరణానికి ముందు చిన్నగా గొంతు సవరించుకున్నారు. చివరిదాకా పాడి, దణ్ణం పెట్టుకుని, వెనక్కి వాలారు. శారద ఏడుస్తూ “పెద్దనాన్నగారూ” అని పిలిచింది. ఆయన మా ఇద్దరినీ చూసి, ఎందుకు ఏడుస్తోందీ అన్నట్టు నన్ను కళ్ళతో అడిగారు. నేను “పాడారు మావయ్యా” అన్నాను. ఊఁ అన్నారు. ఆ ఊఁ లో ఒప్పుకోలు లేదు. మామూలు ఊఁ. తర్వాత కాఫీ కోసం చెయ్యి చూపించారు.

దీని గురించి తర్వాత డాక్టరుగారిని అడిగాను. మాట పోయినవాళ్ళు కొందరు పాట మాత్రం పాడగలరని, మాటకూ పాటకూ మెదడులో దారులు వేరని చెప్పారు. ఆ మాట నేను ఒప్పుకుంటున్నాను. గొంతు సవరించుకోవడం కూడా ఆయనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు కావచ్చు. ఆయన పాడగలగడాన్ని నేను వింతల్లో లెక్క వేయడం లేదు. కాకపోతే అంతకు ముందు మేమెంత ప్రయత్నించినా పాడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ పాడలేదు.

హాల్లో ఛార్జింగుకు పెట్టిన ఫోను ఆ రోజు బాగా తెల్లవారాక చూసుకున్నాను. నూకరత్నం చాలాసార్లు చేసింది. శబ్దం తీసేసి ఉండడంతో వినపడలేదు. తిరిగి చేస్తే కలవలేదు.

కొంతసేపటికి వాకిట్లో ఆటో ఆగింది. నూకరత్నం, ఎర్రయ్య, తాతారావు, వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు దిగారు. అందరూ చెప్పులు ఆటోలోనే వదిలేసి, తలలు వంచుకుని వస్తున్నారు. నూకరత్నం చేతిలో పెద్ద బంతిపూల దండ ఉంది. గుడి దగ్గర కొట్లో కొన్నది.

మావయ్య అప్పటికి వరండాలో కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో రెండో కాఫీ తాగుతున్నారు.

నూకరత్నం మెట్టు మీద ఆగిపోయింది. దండ వీపు వెనక్కి పోయింది. శారదకు దండ కనిపించనే కనిపించింది. “దండ ఎందుకు తెచ్చారు?” అని అడిగింది.

“ఏటీ నేదమ్మా. సూర్యనారాయణసామికేద్దారని తెచ్చేను. గుడి తలుపులింకా తియ్యనేదు” అంది నూకరత్నం.

“గుడి తలుపులు తీసి చాలాసేపైంది కదా.”

“మాకు తెల్దమ్మా, మాది సముద్రపొడ్డు” అన్నాడు తాతారావు.

మావయ్యకు అర్థమైపోయింది. ఆయన భుజాలు కదిలేలా నవ్వారు. నవ్వి, నూకరత్నాన్ని రమ్మని సైగ చేసి, తన మెడ చూపించారు. ఆవిడ కదలలేదు. మళ్ళీ చూపించారు. ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ వచ్చి ఆ దండ ఆయన మెడలో వేసింది. “నూరేళ్ళుండాల అయ్యగోరూ. నా నోరు పడిపోనూ, పొద్దున్న మీ గురించి ఏటేటో అనీసుకున్నాం” అంది. శారదకు కోపం వచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మావయ్య ఆ దండ మధ్యాహ్నం దాకా తీయనివ్వలేదు.

అప్పుడు చెప్పారు. ఆ పొద్దున్న మైకు పలకలేదు.

ఆడవాళ్ళు వాకిళ్ళలోకి వచ్చారు. ఏ ఇంట్లోంచీ ఏడుపు లేదు. అందరూ మందిరానికి వెళ్ళి తాతారావును లేపారు. పాట వస్తేనే అతనికీ మెలకువ వస్తుంది. “ఎవలు పోనారు?” అని వాళ్ళు అడిగితే, “నాకేటి తెల్సు, మీరే సెప్పాల. నాను పీకనేదు” అన్నాడట. వెళ్ళి చూస్తే ప్లగ్గు పెట్టే ఉంది. కంప్యూటర్ దీపం వెలుగుతోంది. ఆంప్లిఫయరు దీపం వెలుగుతోంది. ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ళనూ, జబ్బు మనుషులనూ చూసి వచ్చారు. అందరూ బతికే ఉన్నారు. ఒక ముసలామెను లేపి చూస్తే, నన్నప్పుడే పంపించీస్తారేట్రా అని తిట్టిందట.

ఎర్రయ్య పెద్దకొడుకు మిషను పాడైందేమోనన్నాడు. తేలేదాకా ఎవరూ పడవ ముట్టుకోవద్దని పెద్దవాళ్ళన్నారు. చావు ఉండగా సముద్రం మీదికి వెళ్ళడం అక్కడ చాలా పెద్ద తప్పు. చివరికి ఎవరో అన్నారు, ఊళ్ళో ఎవరూ పోకపోతే, ఆ గొంతు ఎవరిదో ఆయనే పోయి ఉంటారని. నాకు ఫోను చేశారు. నేను తీయలేదు. దాంతో అనుమానం తీరిపోయింది. ఆటో కట్టించుకుని వచ్చేశారు.

మైకు పలకవలసిన వేళ ఎప్పుడో నాకు తెలుసు, పెట్టింది నేనే. ఇక్కడ మావయ్య పాడిన వేళ కూడా అదే. ఇది నేను వాళ్ళకు అప్పుడు చెప్పలేదు. కాలేజీకి సెలవు పెట్టి అదే ఆటోలో వాళ్ళతో బయలుదేరాను.

సగం దారిలో గాలి లేచింది. వేసవి మొదట్లో మా వైపు ఇలాంటి గాలులు వస్తాయి. అయితే అంత గాలి నేను చూడలేదు. డ్రైవరు ఆటోను తోటల పక్కన ఆపేశాడు. తాటాకులు విరిగి రోడ్డు మీద పడ్డాయి. వాన సూదుల్లా పక్కనుంచి కొట్టింది. ఎర్రయ్య ఆటోలో కూర్చుని సముద్రం ఉన్న వైపు చూస్తూ ఉన్నాడు. మామూలు రోజైతే ఆ వేళకు అతని పడవ ఒడ్డు కనపడనంత దూరంలో ఉంటుంది. “సిన్నోడికి ఈత సరిగ్గా రాదు” అన్నాడు. నూకరత్నం అతని మోకాలి మీద చెయ్యి వేసి కూర్చుంది.

మేము వెళ్ళేసరికి గాలి తగ్గింది. పడవలన్నీ ఒడ్డు మీద, రాత్రి లాగిన చోటే ఉన్నాయి. పక్క ఊరి పడవ ఒకటి తిరగబడింది. అందులో ఇద్దరు ఈదుకుంటూ వచ్చారు. ఒకతను రాలేదు. ముందు రోజు సాయంత్రం వార్తల్లో గాలి గురించి చెప్పారట. కరెంటు లేక ఈ ఊళ్ళో ఎవరూ వినలేదు.

నేను మందిరంలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మొదటి ప్రశ్న అడిగాను. ఎనేబుల్డ్ అంది. రెండో ప్రశ్న అడిగాను. నడవడం లేదు, ‘డెడ్’ అంది. ఆగి ఉన్న ఏ సర్వీసుకైనా ఈ యంత్రాలు వాడే మాటే అది. అందులో విశేషం లేదు. నా వెనక నిలబడ్డ తాతారావుకు మాత్రం తెలిసిన ఇంగ్లీషు మాటల్లో అదొకటి కావడంతో, “ఎవలు బాబూ?” అన్నాడు.

యంత్రం లేచినప్పుడు ఏది మొదలైందో, ఏది చెడిందో తనే రాసుకుంటుంది. చూశాను. రాత్రి కరెంటు వచ్చాక మిగతావన్నీ వరసగా లేచాయి. ఈ సర్వీసు పేరు లేదు. మొదలుపెట్టినట్టు లేదు, ప్రయత్నించి విఫలమైనట్టూ లేదు. హాజరు పిలిచినవాడు ఆ ఒక్క పేరు దగ్గర కళ్ళు మూసుకుని కింది పేరుకు వెళ్ళిపోయినట్టు ఉంది. గడియారం సరిగ్గా ఉంది. పాట ఫైలు ఉంది. డిస్కులో తప్పు లేదు. లోపలికి వచ్చి ఎవరైనా ఆపారా అంటే, ఆపడానికి అది లేవనే లేదు.

తాతారావు చేత ప్లగ్గు పీకించి మళ్ళీ పెట్టించాను. సర్వీసు లేచింది. మళ్ళీ పీకించాను. మళ్ళీ లేచింది. సాయంత్రం దాకా అదే పని చేశాను. ఒక్కసారి కూడా లేవకుండా లేదు. తర్వాత ఆ రాతలన్నీ రాజాం తీసుకెళ్ళి, నాకంటే బాగా తెలిసిన స్నేహితుడికి చూపించాను. సర్వీసులు ఒకదానికొకటి అడ్డుపడి యంత్రం ఒకదాన్ని వదిలేసి ఉంటుందన్నాడు. అలా వదిలేస్తే వదిలేశానని రాసుకుంటుంది కదా అన్నాను. చూశాడు. లేదు. “నువ్వు ఏదో చెరిపేసి ఉంటావు” అన్నాడు. నేను చెరపలేదు.

ఇక్కడితో అయిపోతే ఈ సంగతి రాసేవాణ్ణి కాదేమో.

ఆ శనివారం మందిరంలో భజన పెట్టారు. ఊరంతా వచ్చింది. స్వామి మైకును ఆపి మనల్ని కాపాడాడని అందరూ అన్నారు. నాకు అభ్యంతరం లేదు. మనం బతికిన ప్రతి పూటా ఆయన కాపాడినదే. కానీ ఎర్రయ్య లేచి, “ఇంకనించి ఆ మైకు మాటే మాట. పలికితే ఎల్తాం, పలక్కపోతే ఎల్లం. రేడియోలూ, ఫోన్లో మెసేజీలూ మనకేటికి?” అన్నాడు. చాలామంది తలలూపారు. తర్వాత, కంప్యూటర్ పెట్టిన బాబు నోటితో కూడా సాక్ష్యం చెప్పమన్నారు.

నాకు భయం వేసింది. అక్కడున్న మగవాళ్ళ ప్రాణాలు నేను రాసిన నాలుగు వరసల మీద పెడుతున్నారు. లేచి, భగవంతుడికి దణ్ణం పెట్టి, నాకు తెలిసింది చెప్పాను. అది ఎందుకు పలకలేదో నాకు తెలియదు. రేపు ఎలుక వైరు కొరికినా పలకదు. అప్పుడు మీరు ఇంట్లో కూర్చుంటారు, నష్టమేమీ లేదు. కానీ గాలివాన వచ్చే రోజున అది మామూలుగా పలికితే?

“సామి పలకనిస్తాడేటి?” అన్నాడు ఎర్రయ్య.

పలకనివ్వడని చెప్పలేను, పలకనిస్తాడని చెప్పలేను. నేను చదువుకున్న శాస్త్రంలోనూ, నేను చేసే పనిలోనూ ఆయన చేత మాట ఇప్పించే వీలు లేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి నూకరత్నం అంది. “సామి మైకు ఆపేడు సరే. నీకు సెవులెందుకిచ్చేడు మావా? ఆయనే కదా ఇచ్చేడు. రేడియో ఇను, మెసేజీ సదివించుకో, ఆకాశం సూడు. అప్పుడు పెట్టించు మైకు. నేదంటే నువ్వెల్లు, నా కొడుకుల్ని మాత్రం నాను పంపను.”

ఎవరో నవ్వారు. ఎర్రయ్య కూర్చున్నాడు. వాదన అక్కడితో ముగిసింది.

ఆ రోజే నేను యంత్రానికి చెప్పి ఉంచింది మార్చేశాను. ఇప్పుడు మొదటి ప్రశ్న అడిగితే డిసేబుల్డ్ అంటుంది. కరెంటు పోయి వచ్చినా, ప్లగ్గు పీకి పెట్టినా సర్వీసు దానంతట అది లేవదు. తాతారావుకు బ్యాటరీ రేడియో కొనిచ్చారు. రాత్రి వార్తలు విని, తెల్లవారుజామున ఫోనులో మెసేజీ ఎవరి చేతనైనా చదివించుకుని, బయటికి వెళ్ళి ఆకాశం చూసి, అప్పుడు ఒక మీట నొక్కాలి. నొక్కితేనే పాట వస్తుంది. “ఇంతమందిని నాను పంపాలేటి బాబూ” అని నన్ను తిట్టుకున్నాడు.

మరుసటి ఏడాది కార్తీకంలో మావయ్య వెళ్ళిపోయారు. తెల్లవారుజామున, నిద్రలో. శారద వెళ్ళి చూసేసరికి చెయ్యి చల్లబడి ఉంది.

ముందుగా ఆ ఊరికే చెప్పాలనిపించింది. నూకరత్నానికి ఫోను చేశాను. ఆవిడ “సెప్పు బాబూ” అంది. ఆవిడ మాట వెనక మైకు వినిపిస్తోంది. మావయ్య పాడుతున్నారు. కాకి అరిచింది.

నేను చెప్పాను. ఆవిడ ఫోను పెట్టేయలేదు. ఆయన గొంతు సవరించుకోవడం విన్నాను. మూడో చరణం మొదలైంది. పక్క గదిలో ఆయన పడుకుని ఉన్నారు. పాట అయ్యేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

అప్పటికే పడవలు వెళ్ళిపోయాయి. వెనక్కి పిలిచే దారి లేదు.

మధ్యాహ్నానికి ఊరు ఊరంతా మా ఇంటికి వచ్చింది. తాతారావు నా చేతులు పట్టుకుని, అయ్యగారి చావు పూట అయ్యగారి చేతే పాడించేశానని ఏడ్చాడు. అతని తప్పు లేదు. రేడియో విన్నాడు, ఆకాశం చూశాడు, మీట నొక్కాడు. ఆ రోజు సముద్రం చెరువులా ఉంది. పడవలన్నీ వలలు నిండుగా తిరిగి వచ్చాయి. ఎర్రయ్య, కొడుకులు ఒడ్డున దిగిన బట్టలతోనే వచ్చి దహనానికి నిలబడ్డారు.

నన్ను ఇప్పటికీ వదలనిది ఇదే. ఎవరూ చనిపోని రోజున, ఏ కారణమూ లేకుండా ఆ గొంతు ఆగింది. ఆ గొంతు గల మనిషే పోయిన రోజున, మీట నొక్కగానే పలికింది. రెండోదానికి నా దగ్గర కారణం ఉంది. మొదటిదానికి లేదు.

మగవాళ్ళం శ్మశానం నుంచి వచ్చాక నూకరత్నం వాకిట్లో, ఎప్పుడూ కూర్చునే మెట్టు మీద కూర్చుని నాతో అంది. “అయ్యగోరు తన సావుకి మనల్ని ఆపనేదు బాబూ. మన సావుకే ఆపేరు.”

నేను అవుననలేదు, కాదనలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా అనలేను. ఆ పాత కంప్యూటర్ పోయింది. దాని రాతలు నా దగ్గర ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చూస్తాను. ఆ పేరు లేదు.

మీరు ఇది చదివే వేళకు ఎక్కడో ఒక ఒడ్డున ఎవరో పడవను నీళ్ళలోకి నెడుతూ ఉంటారు. వాళ్ళ కోసం నాతో కలిసి ఒక్కసారి ఇలా అనండి. నారాయణా, నీళ్ళ మీద ఉన్నవాళ్ళను ఒడ్డుకు చేర్చు. ఒడ్డున ఎదురుచూసేవాళ్ళకు ధైర్యమివ్వు. మాకు తెలిసినది చేసే బుద్ధినివ్వు, తెలియనిదాన్ని నీకు వదిలేసే శాంతినివ్వు.